గీతలు తుడిచిన చెయ్యి

"మళ్ళీ తుడిచేశావా అమ్మా?"

కొడుకు కేక ముందుగదిలోంచి వంటింటి దాకా వినిపించింది. కోడలు పొయ్యి కట్టేసి పరుగున వచ్చేసరికి అతను గచ్చు మీద గొంతుక్కూర్చుని అరచేత్తో నేల తడుముతున్నాడు. చెయ్యెత్తి భార్యకు చూపించాడు. తడి. సుద్ద జాడే లేదు.

"పొద్దున్న ఆరింటికి లేచి గీశాను. గజంబద్ద పెట్టి, అడుగున్నరకొకటి చొప్పున, లోపలి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా పద్నాలుగు గీతలు. ఇప్పుడు చూడు, ఒక్కటుంటే ఒట్టు!"

గదికి ఆ మూల అత్తగారు బకెట్ ముందు వంగి తడిగుడ్డ పిండుతోంది. తలెత్తలేదు. పిండిన గుడ్డనే మళ్ళీ పిండుతోంది.

"మొన్న తుడిచావు. అలవాటు కొద్దీ తుడిచావులే అనుకున్నాను. నిన్న చెప్పాను కదా? ఇవి నాన్న గీతలమ్మా, పక్కనించి తుడువు అని బతిమాలాను కదా? సరేనన్నావు. తలకాయ ఊపావు. ఇవాళ గురువారం అని తెలుసు. తెలిసి తెలిసి తుడిచేశావు!"

గురువారం సంగతి ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. తొమ్మిదింటికి కేంద్రం వ్యాను వస్తుంది. ఏళ్ళ తరబడి తగ్గని జబ్బులతో బతుకుతున్నవాళ్ళ కోసం నడిపే కేంద్రం అది. అక్కడ గురువారం పూట నడక క్లాసు. అందులో ఒక్క సీటు కోసం అత్తగారి భర్త, టైలరు మాస్టరు, ఎనిమిది నెలలు వెయిటింగ్ లిస్టులో పడిగాపులు పడ్డాడు. వచ్చిన సీటు నిలబడాలంటే వరసగా రెండు వారాలు నాగా పెట్టకూడదు. పోయిన వారం ఆయన గుమ్మం దాటలేకపోతే వ్యాను ఆయన లేకుండానే వెళ్ళిపోయింది. ఇవాళ కూడా అంతే అయితే సాయంత్రానికల్లా ఆ సీటు ఇంకొకరిది. మళ్ళీ లిస్టు చివర నిలబడాలి, మళ్ళీ ఎనిమిది నెలలు.

మాస్టరు లోపలి గుమ్మంలోనే నిలబడి ఇదంతా వింటున్నాడు. తల దువ్వుకున్నాడు, బూట్లు తొడుక్కున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడలో కొలత టేపు అలవాటుగా వేలాడుతోంది. కత్తెర పట్టక మూడేళ్ళయినా ఆ టేపు లేకుండా ఆయన గది దాటి రాడు. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. రెండో చెయ్యి తొడ పక్కన తన పని తాను చూసుకుంటున్నట్టు వణుకుతోంది.

పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళు. చేతుల వణుకును ఆయన ఎప్పుడో క్షమించేశాడు. కాళ్ళు చేసే మోసమే కడుపు మండిస్తుంది. గది మధ్యలో బాగానే నడుస్తాడు. గుమ్మం వచ్చిందంటే చాలు, పాదాలు నేలకు అతుక్కుపోతాయి. నడవమని బుర్ర చెబుతూనే ఉంటుంది, ఆ కబురు కాళ్ళకు అందదు. విచిత్రమేమిటంటే, కాలి ముందు అడ్డంగా ఒక గీత కనిపిస్తే దాన్ని దాటడానికి మాత్రం కాలు లేస్తుంది. అదెలాగని అడిగితే కేంద్రం నుంచి వచ్చే నడక టీచరమ్మ నవ్వి, "బుర్రకి అది ఇంకో దారి లెండి" అంది.

ఆ టీచరమ్మే లోపలి గదిలో, బాత్‌రూమ్ దారిలో బెత్తెడు వెడల్పున పసుపు టేపు పట్టీలు అంటించింది. ముందుగదికి వచ్చేసరికి టేపు చుట్ట అయిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు తెస్తానంటే కొడుకే దర్జా పోయాడు. "టైలర్ల ఇంట్లో సుద్దకి కరువా మేడమ్? మేం గీసుకుంటాం లెండి" అన్నాడు. గీశాడు కూడా పాపం. కొడుకు గీయడం, తల్లి తుడవడం, మూడు రోజులుగా ఇదే భాగోతం.

"అత్తయ్యా, ఆ గుడ్డ ఇలా ఇవ్వండి" అంది కోడలు.

అత్తగారు ఇవ్వలేదు.

"నిన్నే అడుగుతున్నాను," కొడుకు లేచి నిలబడ్డాడు. అతని గొంతు తగ్గింది. అరుపు కన్నా ఆ తగ్గడానికే కోడలికి భయం వేసింది. "నాన్న బాగుపడటం నీకిష్టం లేదా అమ్మా?"

కట్టింగ్ బల్ల పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. బకెట్ అంచు మీద నుంచి నీటి చుక్కలు గచ్చు మీద పడుతున్నాయి. అత్తగారి మొహంలో ఏదో కదిలి, అంతలోనే అణిగిపోయింది.

"అవునురా," అంది ఆవిడ చివరికి. "కావాలనే తుడిచాను. ఏం? పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకున్నట్టు ఇల్లంతా ఆ గీతలేంటి? కొలతలివ్వడానికొచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో నా పని అదే. మీ నాన్న గీస్తాడు, కత్తిరిస్తాడు, నేను కుడతాను. కుట్టాక సుద్ద దులిపి మడత పెట్టేదాన్ని నేనే. గీత కనబడుతోందంటే పని పూర్తి కానట్టు. అలాగే అప్పగిస్తే నా పరువు పోదూ?"

"ఇదేమైనా చొక్కానా అమ్మా? మనిషి!"

"నాకు తెలీదేంట్రా మనిషని!"

"తిట్టకురా," అని గుమ్మంలోంచి మాస్టరు అన్నాడు. ఆయన గొంతు కూడా ఆరేళ్ళలో అరిగిపోయింది. పక్కనుంటే తప్ప వినబడదు. కోడలికి వినబడింది, దగ్గరికి వెళ్ళింది.

"కంగారు పడకండి మావయ్యా. ఇంకా పది నిమిషాలుంది."

"పది నిమిషాలకి టికెట్ ఇస్తావా టికెట్టూ?"

కోడలికి ఆయన పెట్టుకున్న ముద్దు పేరు అది. బస్ డిపోలో టికెట్ కౌంటర్‌లో కూర్చుంటుంది ఆమె. అద్దానికున్న కంతలోంచి రోజుకు వెయ్యి మందికి జవాబులు చెబుతుంది. ఎవరు ఎన్ని వంకర ప్రశ్నలు వేసినా తడుముకోదు. ఇంత రభసలోనూ మావగారు వేళాకోళమాడుతున్నాడంటే లోపల ఎంత బెదిరిపోయి ఉన్నాడో ఆమెకు తెలుసు. పోయిన నెల ఆ క్లాసు నుంచి వచ్చిన రోజున ఆయన ఎవరినీ పలకరించకుండా మంచం మీద కూర్చుని, చొక్కా పైగుండీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. పెట్టుకుని తలెత్తి చూశాడు. ఎన్ని వేల గుండీలు ఆ ఇంట్లోంచి వెళ్ళాయో, ఏ గుండీకీ ఆయన అంత మురిసిపోలేదు. ఆ సీటు ఎలాగైనా పోకూడదు.

కొడుకు సొరుగులోంచి సుద్దబిళ్ళ తీసి మళ్ళీ గీయబోయాడు. తడి గచ్చు మీద సుద్ద ఎక్కడ పడుతుంది? పాకుడు మీద జారినట్టు జారింది. ఫ్యాను వేగం పెంచాడు. పాత చొక్కా ఒకటి తెచ్చి నేల తుడిచాడు. అప్పటికీ చెమ్మ పోలేదు.

వీధిలో హారన్ మోగింది.

"వచ్చేశాడు!" అన్నాడు కొడుకు. గజంబద్ద తీసుకెళ్ళి తండ్రి కాళ్ళ ముందు అడ్డంగా పడేశాడు. "నాన్నా, ఇదే గీత అనుకో. దాటు."

మాస్టరు కిందికి చూశాడు. కుడి కాలు లేచింది, బద్ద అవతల పడింది. ఎడమ కాలు వెనకే వచ్చింది. గుమ్మం దాటాడు! కొడుకు గబుక్కున బద్ద తీసి ఇంకో అడుగు ముందు పెట్టబోతే తడి గచ్చు మీద అది సర్రున జారి బల్ల కిందకి పోయింది. మాస్టరు తూలాడు. కోడలు చటుక్కున నడుము పట్టుకుంది.

"అది వద్దండీ! కాలు దాని మీద పడితే ఏమన్నా ఉందా?"

"మరేం చెయ్యమంటావు? ఎత్తుకెళ్ళనా?"

"ఎత్తకూడదు సార్," అన్నాడు వీధి గుమ్మంలోంచి వ్యాను డ్రైవరు. భారీ మనిషి. ఆయన నిలబడితే గుమ్మం నిండిపోయింది. చేతిలో అట్టకు బిగించిన లిస్టు ఉంది. "ఎత్తకూడదు, లాగకూడదు. ఆయనంతట ఆయనే ఎక్కాలి. పడితే నా ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఆయన తుంటి ఎముక ఎవరు తెచ్చిస్తారు?"

"ఎంతసేపు ఆగుతారు?" అంది కోడలు. డిపోలో పనిచేసే మనిషి కదా, ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

"రూలు పది నిమిషాలమ్మా. బండిలో ఇంకా నలుగురున్నారు, మందుల వేళలున్నవాళ్ళు." డ్రైవరు మాస్టరు మొహం చూశాడు. చేతి వాచీ చూసుకున్నాడు. "నా వాచీ కాస్త బద్ధకంగా నడుస్తుంది లెండి. పన్నెండు. అంతకు మించి నా చేతుల్లో లేదు. ఇవాళ కూడా ఖాళీ అని రాస్తే ఆఫీసులో ఇంకో పేరు రాసేస్తారు."

కొడుకు తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి, రెండు అంటాను నాన్నా. ఒకటి..." మాస్టరు మడమలు లేచాయి, వేళ్ళు లేవలేదు. పాదాలు ఉన్న చోటనే వణుకుతున్నాయి. "రెండు... నాన్నా, రెండు!" కొడుకు గొంతులో తొందర పెరిగేకొద్దీ ఆ కాళ్ళు ఇంకా బిగుసుకుపోతున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. మాస్టరు కళ్ళు మూసుకున్నాడు.

"వదిలేయ్ నాన్నా," అన్నాడు నెమ్మదిగా. కొడుకునలా 'నాన్నా' అని పిలిచి చాలా కాలమైంది. "పోనీలే. వాళ్ళెవరికో అవసరం ఉంటుంది."

అప్పుడు అత్తగారు చేతిలోని తడిగుడ్డ బకెట్లో పడేసింది.

బల్ల అంచు మీద చెయ్యి వేసుకుని, దాని వెంటే నడిచి, మూలనున్న పాత కాలిమిషను దగ్గరికి వెళ్ళింది. కరెంటు మిషన్లు వచ్చాక దాని మీద గుడ్డ కప్పేసి ఉంచారు. గుడ్డ తీసి పక్కన పెట్టింది. స్టూలు జరుపుకుని కూర్చుంది. చక్రం మీద అరచెయ్యి ఆనించి ఒక తోపు తోసింది.

"ఇప్పుడు కుట్టుపనేంటమ్మా?" కొడుకు విస్తుపోయాడు.

"నువ్వు నోరు మూసుకో. ఆయన కాళ్ళకి చెవులున్నాయి."

దారం లేదు, గుడ్డ లేదు. ఉత్త మిషను. టక్... టక్... టక్... మందం కోట్లు కుట్టేటప్పుడు తొక్కినట్టు నిదానంగా, బరువుగా, తూకం తప్పకుండా తొక్కుతోంది. ముప్ఫై ఏళ్ళు ఆ చప్పుడు మధ్యలోనే మాస్టరు బల్ల చుట్టూ తిరుగుతూ కత్తిరించాడు. ఆ చప్పుడు వింటూనే అన్నం తిన్నాడు, కునుకు తీశాడు, పిల్లాణ్ణి భుజానేసుకుని పచార్లు చేశాడు.

మాస్టరు కళ్ళు తెరిచాడు. కుడి కాలు లేచింది.

టక్. ఎడమ కాలు.

టక్. కుడి కాలు.

కొడుకు ఒక చెయ్యి గాల్లో పెట్టుకుని, ముట్టుకోకుండా, పక్కనే నడుస్తున్నాడు. అడుగులు చిన్నవే, కానీ పాదాలు ఈడ్చడం లేదు, లేస్తున్నాయి. బల్ల దాటాడు. అద్దం దాటాడు. అద్దం ముందు ఒక్క క్షణం ఆగుతాడేమోనని కోడలు గుండె చేత్తో పట్టుకుంది. ఆగలేదు. డ్రైవరు వెనక్కి వెనక్కి నడుస్తూ దారిచ్చాడు.

"బాగు బాగు! మా నడక మేడమ్ టక్ టక్‌మని తాళం వేయించే డబ్బా కన్నా ఇది నయం," అన్నాడు డ్రైవరు.

వీధి గుమ్మం. రెండు మెట్లు. కటకటాల గోడ పట్టుకుని దిగాడు మాస్టరు. కాలిబాట మీద రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు ఎదురుగా ఒక లారీ గేరు మార్చుకుంటూ, పొగ వదులుకుంటూ పోయింది. మిషను చప్పుడు అందులో కలిసిపోయింది. వ్యాను తలుపు ఇంకో నాలుగడుగుల దూరంలో ఉంది. కాళ్ళు మళ్ళీ అతుక్కుపోయాయి.

"అమ్మా! గట్టిగా తొక్కు!" కొడుకు లోపలికి కేకేశాడు.

లోపల చప్పుడు ఆగిపోయింది.

కోడలు వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. బల్ల కింద పడ్డ గజంబద్ద ఆవిడ చేతిలో ఉంది. బద్ద చివర మెట్టు మీద తట్టింది. కింద మెట్టు మీద తట్టింది. కాలిబాట మీద తట్టింది. టక్, టక్, టక్. అదే తూకం. తట్టుకుంటూ భర్త పక్కకు వచ్చి నిలబడింది.

"రండి," అంది ఆయన్ని. "కోటు చేతులు అయిపోయాయి. ఇక కాలరొక్కటే మిగిలింది."

మాస్టరు పెదవులు కదిలాయి. అది నవ్వేనని ఆవిడకే తెలిసుండాలి. కాలు లేచింది. టక్ అంటే అడుగు, టక్ అంటే అడుగు. నాలుగు అడుగులయ్యాక వ్యాను పిడి అందింది. పిడి పట్టుకున్నాక ఇక ఆయన ఎవరి మాటా వినలేదు, పైకెక్కి కిటికీ పక్క సీట్లో కూలబడ్డాడు. వ్యానులో ఉన్న నలుగురిలో ఒక పెద్దాయన వణుకుతున్న చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

కొడుకు కాలిబాట అంచున కూర్చుండిపోయి మొహం తుడుచుకున్నాడు. కోడలికి మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పదకొండున్నర నిమిషాలు. మా వాచీ ప్రకారం," అన్నాడు డ్రైవరు లిస్టులో టిక్కు పెడుతూ.

మాస్టరు కిటికీలోంచి చెయ్యి చాపి భార్య మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వూ రా."

"నేనెందుకూ? ఇంట్లో బోలెడు పనుంది."

"అక్కడ కూడా గుమ్మాలున్నాయి," అన్నాడు మాస్టరు.

"కోడల్ని తీసుకెళ్ళండి. అబ్బాయిని తీసుకెళ్ళండి. నాకా ఊళ్ళూ దారులూ కొత్త. అంత పెద్ద ఆఫీసు, అన్ని మెట్లు..." అత్తగారి చెయ్యి బద్ద మీద బిగుసుకుంది. ఆవిడ గొంతులో భయం విని కోడలు తెల్లబోయింది. కోడలుగా వచ్చి పదకొండేళ్ళు. ఆవిడ భయపడటం ఎప్పుడూ చూడలేదు.

"అబ్బాయి ఒకటి రెండు అని అరుస్తాడు," అన్నాడు మాస్టరు. "నువ్వైతే అరవ్వు."

ఆ మాటకి ఆవిడ కరిగిపోయింది. భర్త చెయ్యి విడిపించుకోలేదు.

"తోడు వచ్చేవాళ్ళకి సీటుందమ్మా, దర్జాగా రండి," డ్రైవరు లిస్టు కింద నుంచి ఒక కాగితం లాగి, పెన్నుతో సహా ఆవిడకిచ్చాడు. "ఒక్క సంతకం పెట్టాలి అంతే. కింద గీత ఉంది చూడండి, దాని మీద."

భర్త చెయ్యి వదిలాక అత్తగారు బద్దను చంకలో ఇరికించుకుంది. కాగితం అందుకుంది. దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చి, దూరం పెట్టి, కాస్త పక్కకు తిప్పింది. పెన్ను కాగితం మీద ఆనించబోయి ఆగింది. పెన్ను మొన కింద సంతకం గీత లేదు. అచ్చు అక్షరాల నడిమధ్యలో ఉంది.

డ్రైవరు తన సీటు వైపు వెళ్ళిపోయాడు. కొడుకు ఇంకా కాలిబాట అంచునే ఉన్నాడు. ఆవిడ కోడలి వైపు ఒంగింది. ఎప్పుడూ వాడని మెత్తని గొంతుతో అడిగింది.

"గీత ఎక్కడుందే?"

కోడలు కాగితం వైపు చూసింది. గీత నల్లగా, స్పష్టంగా ఉంది. ఆమె అత్తగారి మొహం వైపు చూసింది. ఆ కళ్ళు తనవైపే ఉన్నాయి, కానీ తన మొహం మీద కాకుండా కాస్త పక్కన నిలిచాయి.

ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. కీళ్ళు నొప్పులంటూ ఆర్నెల్లుగా ఆవిడ సూది పట్టడం లేదు. గుండీల డబ్బాలో రంగు చూసి ఏరే మనిషి వేలితో తడిమి ఏరుతోంది. కాఫీ పోస్తే కప్పు అంచు దాటి సాసరు నిండిపోతోంది, పరాకు అనుకున్నారు. ఇందాక మిషను దాకా బల్ల అంచు పట్టుకునే వెళ్ళింది. మెట్ల మీద బద్ద తట్టింది ఎవరి కోసం? లోపలి గదిలో బెత్తెడు వెడల్పున్న పసుపు పట్టీల మీద తడిగుడ్డ ఒక్కసారి కూడా పడలేదు. బూడిద రంగు గచ్చు మీద సన్నని తెల్ల గీతలే చెరిగిపోయాయి.

"అత్తయ్యా..." కోడలు ఆవిడ వేలు పట్టుకుని కాగితం మీద గీత మొదట్లో పెట్టింది. "ఇదిగో. ఇక్కడ్నించి ఇక్కడిదాకా."

అత్తగారు వేలి పక్కన పెన్ను పెట్టి, నెమ్మదిగా, పొందికగా సంతకం చేసింది. ఆ రాతకేం, ముత్యాల్లా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మెల్లగానే మాట్లాడు. మీ మావయ్య వింటాడు."

"మరి నిన్న అలా తలకాయ ఊపారేం? కనబడటం లేదని చెప్పొచ్చు కదా?"

"గీతలు ఫలానా చోట ఉన్నాయన్నాడు కదా వాడు. పక్కనించే తుడిచాననుకున్నానే." ఆవిడ చంకలోని బద్ద సర్దుకుంది. "నిన్నా అలాగే అనుకున్నాను. ఇవాళ కూడా. వాడు వచ్చి అరిచేదాకా తెలీదు."

"మరి కావాలనే చేశానని ఎందుకన్నారు? అంత మాట పడ్డారు కదా!"

"ఏం చెప్పను? ఆయన కాళ్ళు పోతున్నాయి, నా కళ్ళు పోతున్నాయి అని చెప్పనా?" అత్తగారు కాగితం కోడలి చేతిలో పెట్టేసి, ఆ చేతినే గట్టిగా పట్టుకుంది. "వాడితో అనకు. మీ మావయ్యతో అసలే అనకు. నేను కనిపెట్టుకుని ఉన్నాననేగా ఆయన అడుగు వేస్తున్నాడు. నా మీద ఒట్టు."

"అత్తయ్యా, అలా ఒట్లు పెట్టకండి. ఆ కేంద్రంలోనే కళ్ళకి కూడా..."

"నాకు మెట్టెక్కడో చెప్పు ముందు."

కోడలు చెప్పింది. "ఎత్తుగా ఉంది. ఇంకొంచెం పైకి. ఆఁ, అక్కడే." ఆవిడ ఎక్కి భర్త పక్కన కూర్చుంది. కోడలు సంతకం కాగితం, పెన్ను డ్రైవరుకి అందించింది. మాస్టరు కిటికీలోంచి వంగి కోడలికి చెయ్యి ఊపాడు. ఆ ఊపులో వణుకెంతో సంతోషమెంతో చెప్పడం కష్టం. ఎన్నాళ్ళకో ఇద్దరూ కలిసి బయటికెళుతున్నారు. అత్తగారు కూడా చెయ్యి ఊపింది. కోడలు నిలబడ్డ చోటికి కాదు, పక్కనున్న కరెంటు స్తంభం వైపు.

వ్యాను మలుపు తిరిగిపోయింది. కోడలి పదకొండు గంటల డ్యూటీకి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. అయినా ఆమె కాలు కదపలేదు.

కొడుకు లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహం తేటపడింది. ఆ తేటదనం వెనకే సిగ్గు కూడా ఉంది.

"అమ్మని అంత మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రం రాగానే కాళ్ళ మీద పడతాను. కానీ నువ్వే చెప్పు, ఆవిడ కావాలని తుడవడం మాత్రం తప్పా కాదా?"

కోడలు మలుపు వైపే చూస్తోంది.

"సరే, నీ పార్టీ ఎటో నాకు తెలుసులే. రేప్పొద్దున్న మళ్ళీ గీస్తాను. ఈసారి ఆవిడ లేవకముందే కాపలా కూర్చుంటాను."

"తెల్ల సుద్ద వద్దండీ," అంది కోడలు. "ఆ పసుపు టేపు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. ఇవాళే. వెడల్పుది."

"ఎందుకూ? నాన్నకి తెల్లవి బాగానే కనబడుతున్నాయిగా?"

అని, అతను ముందుగదిలోకి వెళ్ళి బల్ల కిందకి వంగి చూశాడు. మిషను పక్కన చూశాడు. తలుపు వెనక చూశాడు. మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

"గజంబద్ద ఏదీ? ఇందాక అమ్మ చేతిలో చూశాను."

"పట్టుకెళ్ళారు."

"ఓహో." అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వ్యాను వెళ్ళిన మలుపు వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, మళ్ళీ భార్య మొహంలోకి చూశాడు.

"నాన్న కోసమేనా?"

రోజుకు వెయ్యి మందికి తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.